ఒడిలో రాళ్లు

దక్షిణ కొరియా రాజధాని సియోల్ నగరానికి వాయవ్యంగా, హాన్ నది కుడిగట్టున, గోయాంగ్ పట్టణపు అంచున ఒక గుట్ట ఉన్నది. దాని ఎత్తు సుమారు 125 మీటర్లు. కొండవీడును, గోలకొండను చూచి వచ్చిన కంటికి అది కోట అని తోచడం కష్టమే. ఆకాశాన్నంటే బురుజులు లేవు. ఏనుగులు నడిచే సింహద్వారాలు లేవు. చెట్లమధ్య మెలికలు తిరుగుతూ, చుట్టుకొలత ఒక కిలోమీటరు మాత్రం గల మట్టికట్ట కనిపిస్తుంది. అదే హేంగ్జు కోట. ఇటీవలి త్రవ్వకాలలో ఆ మట్టికట్టకంటె పాతదైన రాతిగోడ కూడ బయటపడినది. అయినా ఆ దేశపు బడిపిల్లవాడికి హేంగ్జు అనగానే జ్ఞప్తికి వచ్చేది గోడ కాదు, ఆడవారు వంటపని వేళ నడుముకు కట్టుకొని ముందుకు వ్రేలాడదీసుకొనే ఒక గుడ్డ. ఆ గుడ్డను ఒడిగా పట్టి, అందులో రాళ్లు మోసి తెచ్చి, శత్రువులమీద రువ్వడానికి సైనికులకు అందించారని కథ.

ఆ గుట్ట పాదాన, నదిని ఒరుసుకొని ఇప్పుడొక చారిత్రకోద్యానం ఉన్నది. వచ్చినవారిలో చాలమంది ముందుగా గుట్ట ఎక్కుతారు. సేనాపతి విగ్రహానికి మ్రొక్కుతారు, శిఖరాన ఉన్న జయస్తంభం నీడలో ఛాయాచిత్రాలు తీయించుకొంటారు, పైనుంచి నదిని ఒకసారి పరికించి ఆహా అంటారు. తరువాత దిగివచ్చి పూటకూటి ఇండ్లలో వేడివేడి పులుసులో సేమియావంటి పిండి వంటకం తిని, ఓపిక ఉంటే నది ఒడ్డున నాలుగడుగులు వేస్తారు. సైకిళ్లమీద వచ్చే యువకులకయితే ఆ వంటకమే ముఖ్యం, కోట తరువాతి మాట. ఈ వరుస తలక్రిందులు కావలసి ఉన్నది. హేంగ్జును తెలుసుకొనగోరినవాడు ముందు నీటి ఒడ్డుకు పోవాలి. కొండ చెప్పేది ఒక్కనాటి కథ. నది చెప్పేది అంతకు ముందు సంగతి, ఆ తరువాతి సంగతి, నిన్నమొన్నటి సంగతి కూడ.

అక్కడ హాన్ నది విశాలంగా, బరువుగా, తొందర లేకుండా సాగుతుంది. సముద్రపు పోటు ఆ దాపులదాకా వస్తుంది. కొరియాలోని పెద్ద నదులలో పెక్కింటికి సంగమస్థానాల్లో ఆనకట్టలు కట్టి ఉప్పునీటిని ఆపివేశారుగాని, హాన్ నది నోరు మాత్రం నేటికీ తెరచే ఉన్నది. దానికి కారణం ప్రకృతిమీద భక్తి అనుకొంటే పొరపాటు. ఆ నది దిగువకు పోయి ఇమ్జిన్ నదితో కలసిన తరువాత ఒక గట్టు దక్షిణానిది, మరొక గట్టు ఉత్తరానిది. ఉభయులకూ చెందీ ఎవరికీ చెందని ఆ నీటిలో ఆనకట్ట కట్టగలవాడెవడు? 1953 జూలై 27న కుదిరిన యుద్ధవిరమణ ఒడంబడికలో ఒక నిబంధన ఉన్నది: ఆ సంగమపు నీళ్లలో ఉభయపక్షాల పౌరనౌకలూ తిరుగవచ్చునని. కాగితంమీద తెరచిన దారి అది; నీటిమీద మాత్రం మూతపడే ఉన్నది. 2018 చివరలో ఉత్తర దక్షిణ కొరియాల వారు కలసి ఆ నీటి లోతులు కొలిచారు. ఆ కొలత పూర్తి అయినది. నౌకలు మాత్రం రాలేదు.

హేంగ్జు ఒడ్డున కొన్ని దశాబ్దాలపాటు ఇనుప ముళ్లకంచె ఉండేది. ఉత్తరపు వేగులవారు నీటిదారిని వస్తారని భయం. ఊరివారు నదిని కంచె సందులనుంచి చూచేవారు. ఏటిగట్టున పుట్టి ఏటిలో కాలు పెట్టకుండ పెరిగిన తరం ఒకటి అక్కడ ఉన్నదంటే నమ్మడం కష్టం, కాని నిజం. 2012 నుంచి ఆ కంచెను భాగాలు భాగాలుగా తొలగిస్తూ వచ్చారు. ఇప్పుడు కాలిబాటలు, రెల్లుపొదలు, కూర్చొనడానికి బల్లలు, సాయంకాలం పిల్లల కేకలు. ఎక్కడైనా కంచె ముక్కగాని, కావలి గుడిసెగాని మిగిలిఉంటే అందానికి అడ్డమని పీకివేయాలనే తొందర ఉద్యానాధికారులకు కలుగకూడదు. చరిత్ర పేరుపెట్టుకొన్న ఉద్యానంలో నాలుగు వందల ఏండ్లనాటి బాణానికి చోటు ఉండి, తండ్రుల నాటి ముళ్లతీగకు చోటు లేకపోతే అది చరిత్ర అనిపించుకోదు, అలంకారం అవుతుంది.

కంచెకు పూర్వం ఆ ఒడ్డు బెస్తవారిది. వసంతకాలంలో సముద్రంనుంచి ఏటికి ఎదురీది వచ్చి మంచినీటిలో గ్రుడ్లు పెట్టే ఉంగో అనే చేప ఒకటి అక్కడ ప్రసిద్ధం. సన్నగా, కత్తి అలుగులాగా, తోకవైపు కోసుకొని పోయినట్లుంటుంది. గోదావరి ఒడ్డున పులస రుచి ఎరిగినవారికి ఆ చేప ప్రయాణాన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు. ఏటికి ఎదురీదిన చేపకే రుచి అన్న సూత్రం రెండు చోట్లా ఒక్కటే. జోసన్ వంశపు రాజులకు ఆ చేప మీద ఎంత మక్కువ అంటే, దానిని పట్టించి రాజు వంటశాలకు పంపడానికి హేంగ్జులో ఒక కచ్చేరీనే ఏర్పరచారు. జంగ్ సన్ అనే మహాచిత్రకారుడు 1740లో నదికి ఆవలి ఒడ్డున యాంగ్చన్ అనే చోట అధికారిగా వచ్చి, హేంగ్జు నీళ్లలో చేపలవేటను చూచి ఒక చిత్రం వ్రాశాడు. అక్కడ నది సరస్సులాగా విశాలంగా ఉండడంవల్ల దానిని హేంగ్హో, అనగా హేంగ్ సరస్సు, అని పిలిచేవారు. చిత్రంలో గుట్ట ఉన్నది, గుట్టక్రింద ఇండ్లు ఉన్నవి, నీటిమీద చిన్న చిన్న పడవలు వరుస తీరి ఉన్నవి. యుద్ధం జరిగి అప్పటికి దాదాపు నూట ఏబది ఏండ్లు. జంగ్ సన్ ఆ చిత్రంలో యుద్ధాన్ని తలవనైనా తలవలేదు. అతడికి హేంగ్జు అంటే చేపలు, పడవలు, పొగమంచు. ఈ చిత్రం ముఖ్యమైన సాక్ష్యం. ఒక ప్రదేశానికి వీరగాథ ఒక్కటే ముఖం కాదని అది మాటాడకుండ చెపుతున్నది.

యుద్ధం సంగతికి వస్తే, అది సామాన్యమైనది కాదు. 1592లో జపాను ఏలిక టొయొటొమి హిదెయోషి పంపిన సేనలు పూసాన్ రేవులో దిగి, మూడు వారాలు తిరుగకముందే సియోల్ నగరాన్ని పట్టుకొన్నవి. రాజు సొన్జో చైనా సరిహద్దుదాకా పారిపోయాడు. మరుసటి ఏడు మొదట్లో మింగ్ చక్రవర్తి పంపిన చైనా సైన్యం వచ్చి ప్యోంగ్యాంగును విడిపించి దక్షిణానికి నడిచింది. ఆ ఊపులో సియోల్‌ను కూడ తిరిగి పట్టవచ్చునని, చైనావారితో కలసి దెబ్బతీయాలని, క్వన్ యుల్ అనే సేనాని తన మనుషులతో హాన్ నది దాటి వచ్చి హేంగ్జు గుట్టమీద దిగాడు. ఇంతలో చైనా సైన్యం అదే గోయాంగ్ సీమలోని బ్యోక్జే దగ్గర దెబ్బతిని వెనుదిరిగింది. క్వన్ యుల్ ఒంటరి అయినాడు. ఎదుట సియోల్‌లో నిండుగా శత్రుసేన, వెనుక నది. పారిపోవడానికి భూమి లేదు.

ఇక్కడ ఈ క్వన్ యుల్‌ను గురించి ఒక మాట. ఇతడు పుట్టుకతో వీరుడు కాడు, చదువుకొన్నవాడు. 1537లో జన్మించి, నలభై అయిదో ఏట, 1582లో, గాని కొలువు పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. తోటివారు ఉద్యోగాలనుంచి విరమించాలని తలపోసే ప్రాయంలో యుద్ధం వచ్చి మీద పడింది. హేంగ్జుకు రావడానికి ముందు ఇతడు సువాన్ దగ్గరి తొక్సాన్ కోటలో ఉన్నాడు. ఆ కోటలో నీరు లేదని శత్రువులు తెలిసికొని కాచుకొని కూర్చుంటే, ఇతడు గుర్రాన్ని కొండమీద నిలబెట్టి దానిమీద బియ్యం కుమ్మరించాడట. దూరాన ఉన్నవారికి అది గుర్రానికి స్నానం చేయిస్తున్నట్లు కనిపించి, నీటికి కొదువ లేదు కాబోలుననుకొని వెళ్లిపోయారట. ఇతడి చుట్టూ ఇటువంటి ముచ్చటలు అల్లుకొన్నవి. అల్లుకోవలసినవాడే.

1593 మార్చి 14వ తేదీ తెల్లవారుజామున జపాను సైన్యం హేంగ్జుమీద పడింది. ముప్పదివేలని, లోపలివారు రెండువేల మూడువందలని సాధారణంగా చెప్పుకొంటారు. ఉకిత హిదెఇయే, కొనిషి యుకినాగ, ఇషిద మిత్సునారి వంటి పేరుమోసిన దొరలందరూ ఆ దండులో ఉన్నారు. గుట్టచుట్టూ క్వన్ యుల్ ముందే కొయ్యకంచెలు నాటించి ఉంచాడు. సాయంకాలందాకా విడతలు విడతలుగా తొమ్మిది దాడులు జరిగినవి. హ్వాచా అనే బండిమీదనుంచి ఒక్కసారిగా గుంపులు గుంపులుగా అమ్ములు ఎగసేవి. జపానువారు కొయ్యకంచెకు నిప్పు పెడితే లోపలివారు నీళ్లు పోసి ఆర్పారు. చోయంగ్ అనే భిక్షువు నాయకత్వంలో బౌద్ధసన్యాసులు కాచే దిక్కున ఒక సందర్భంలో శత్రువులు లోపలికి చొరబడ్డారు. క్వన్ యుల్ స్వయంగా కత్తి దూసి అక్కడికి పోయాడు. అమ్ములు అయిపోవచ్చినవి. రాళ్లు రువ్వసాగారు.

అప్పుడు నదిమీద పడవలు కనిపించినవి. నౌకాధికారి యీ బిన్ దిగువనుంచి అమ్ముల కట్టలు నింపుకొని పోటునీటి మీద వచ్చాడు. శత్రువులు వెనుదిరిగారు. దండులోని పెద్ద దొరలలో ఉకిత, ఇషిద గాయపడ్డారు. క్వన్ యుల్ మాత్రం ఆ గుట్టనే పట్టుకొని కూర్చోలేదు. గెలిచిన కోటను విడిచి ఉత్తరాన పాజుకు తరలిపోయాడు. వీరుడి వివేకం ఎక్కువగా కనిపించేది అక్కడనే.

ఇప్పుడు నీటి ఒడ్డున నిలిచి చూస్తే ఈ కథలో నది పాలు ఎంతో బోధపడుతుంది. వెనుక నది ఉండబట్టి పారిపోవడానికి వీలులేక నిలిచారు. వెనుక నది ఉండబట్టే ఆయుధాలు అందినవి. కొండమీద నిలిచినవాడికి ఈ రెండో సంగతి తట్టదు. ఆనాడు ఏ నీటిదారిని పడవలు వచ్చి కోటను కాపాడినవో, ఆ దారిలోనే ఈనాడు సంగమంనుంచి ఒక్క పడవ రాలేదన్న సంగతి ఉద్యానంలో ఏ ఫలకంమీదనయినా వ్రాయదగినది.

ఇక ఒడిగుడ్డ కథ. కొరియా భాషలో ఆ గుడ్డను హేంగ్జు చిమా అంటారు. చిమా అంటే పావడ. హేంగ్జు యుద్ధంలో ఆడవారు కట్టినది గనుక హేంగ్జు చిమా అయినదని పెద్దలు పిల్లలకు చెపుతారు. వినడానికి ఎంత ఇంపుగా ఉన్నది! కాని భాషాచరిత్ర దీనిని ఒప్పుకొనదు. చే సేజిన్ అనే పండితుడు 1517లో రచించిన ససంగ్ తొంగ్హే అనే చైనీయ శబ్దగ్రంథంలో, అప్పటికి కొత్తగా ఏర్పడిన కొరియా లిపిలోని అర్థవివరణల నడుమ, ఈ మాట 'హేంగ్జా చొమా' అనే పాతరూపంలో కనిపిస్తున్నది. అనగా యుద్ధానికి 76 సంవత్సరాల పూర్వమే ఆ గుడ్డకు ఆ పేరు ఉన్నది. కొరియా వంటిండ్లలో హేంగ్జు అనేది మసిగుడ్డకు పేరు. ఊరి పేరుకూ మసిగుడ్డ పేరుకూ శబ్దం ఒక్కటి కావడంతో కథ తనంతట తాను పుట్టింది. బౌద్ధవిహారాల్లో కొత్తగా చేరిన శిష్యులను హేంగ్జా అంటారు గనుక వారు కట్టే గుడ్డ అని ఇంకొందరు వేరొక వ్యుత్పత్తి చెప్పారు. అదీ నిలిచేట్టు లేదు. ఇంతేకాదు, ఆ యుద్ధాన్ని గురించిన ఆనాటి వ్రాతలలో రాళ్ల ప్రసక్తి ఉన్నదిగాని, వాటిని మోసిన ఆడవారి ప్రసక్తి కనిపించదని పరిశోధకులు ఎత్తిచూపారు.

ఇటువంటి చోట పండితుడు ఒకవైపు, పౌరుడు ఒకవైపు నిలిచి పోట్లాడుకోవడం లోకంలో ఉన్నదే. కథ అబద్ధమని పండితుడు నవ్వుతాడు. తల్లుల త్యాగాన్ని కించపరచాడని పౌరుడు కోపగిస్తాడు. తెలుగువారికి ఈ తగవు కొత్త కాదు. తెలుగు అనే మాట త్రిలింగ శబ్దంనుంచి వచ్చినదని, కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం మూడూ హద్దులుగా గలది త్రిలింగదేశమని ఎన్నితరాలు చెప్పుకొన్నాము! భాషావేత్తలు అందుకు సమ్మతించలేదు. అంతమాత్రాన ద్రాక్షారామంలో దీపం ఆరిపోలేదు. వ్యుత్పత్తి తప్పితే క్షేత్రం తప్పదు. హేంగ్జులోనూ అంతే. మాట పాతదని ఒప్పుకొన్నంతమాత్రాన ఆ గుట్టమీద రాయి మోసినవారు లేకపోలేదు.

అసలు పౌరుడు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ కథ స్త్రీలకు చేసిన గౌరవం ఏపాటిది? సేనానికి పేరున్నది. సన్యాసికి పేరున్నది. పడవలు తెచ్చిన అధికారికీ పేరున్నది. ఆడవారికి దక్కినది వారు కట్టిన గుడ్డకు మాత్రమే పేరు, అదీ వారిది కాని పేరు. గుట్టమీద క్వన్ యుల్ విగ్రహం చెంత చెక్కిన శిల్పఫలకాల్లో సైనికులు, స్వచ్ఛందదళాలవారు, భిక్షువులు, వారితోపాటు స్త్రీలు ఉన్నారు. నిలువెత్తు విగ్రహం ఒకరిది. గుంపులో ముఖం మరొకరిది. తప్పు వ్యుత్పత్తిని నిలబెట్టినంతమాత్రాన ఈ లోటు పూడదు. పైగా, ఆ అందమైన కథ కంటికి అడ్డుపడి ఆ యుద్ధంలో స్త్రీలకు నిజంగా ఏమి జరిగినదో అడుగకుండ చేస్తుంది. హేంగ్జు విజయమైన నాలుగైదు నెలలకు, అదే 1593లో, దక్షిణాన జింజు కోట జపానువారి వశమైనప్పుడు లోపల తలదాచుకొన్న జనం స్త్రీలు పిల్లలతో సహా ఊచకోతకు గురి అయినారు. శత్రుసేనాని ఒకడిని కౌగిలించుకొని నదిలోకి దూకిన నాన్గే అనే వేశ్య కథ అక్కడిదే. అది గ్రంథానికి ఎక్కేసరికి సుమారు ముప్పది ఏండ్లు పట్టింది. వేలకొలది జనాన్ని బందీలుగా జపానుకు పట్టుకొనిపోయారు. హేంగ్జు ఉద్యానంలో ఒడిగుడ్డ బొమ్మ ఉంటే ఉండవచ్చు. దాని ప్రక్కనే ఈ మాట ఇంత పాతది, ఈ కథకు ఆనాటి ఆధారం ఇంత, అదే ఏడు జింజులో జరిగినది ఇది అని మూడు వాక్యాలు వ్రాస్తే పిల్లలకు కథమీద ఇష్టం తగ్గదు, చదువు పెరుగుతుంది.

కొండమీది శిలలు కూడ వరుసగా చదువదగినవి. 1602లో, యుద్ధం ముగిసిన నాలుగేండ్లకు, తొలి జయశాసనాన్ని నిలిపారు. చే రిప్ దానిని రచించగా, ఆ దేశపు లిపికారులలో మేటి అయిన హాన్ హో అక్షరాలు వ్రాశాడు. ఇప్పుడు అది చిన్న మంటపంలో ఉన్నది, అక్షరాలు అరిగినవి. 1842లో రాజాజ్ఞతో క్వన్ యుల్‌కు ఒక ఆలయం వెలిసింది. దానిని కొరియా యుద్ధం కాల్చివేసింది, తరువాత తిరిగి కట్టుకొన్నారు. 1963లో 15 మీటర్ల జయస్తంభం, 1970లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వపు పూనికతో చుంగ్జాంగ్ సా అనే మందిరం వచ్చినవి. శాసనం ఆకారం పెరిగినకొద్దీ అందులోని సంగతి తగ్గడం లోకమంతటా చూచేదే. సైనికపాలకులకు విజయస్తంభాలమీద ఉండే మక్కువ వేరే వ్యాఖ్యానం కోరదు. తొలి శాసనంలో నలిగిన అక్షరాలముందు ఒక నిమిషం నిలబడేవారు అరుదు, స్తంభంముందు క్యూ కడతారు.

తిరిగి నది ఒడ్డుకు. కంచె మనుషులను అరికట్టిన దశాబ్దాలలో పక్షులను అరికట్టలేదు. హేంగ్జుకు దిగువన గోయాంగ్ పరిధిలోనే జాంగ్హాంగ్ అనే చిత్తడినేల, సైన్యం భయాన ఎవరూ అడుగుపెట్టక, విల్లో చెట్లతో, పీతలతో, చలికాలపు వలసకొంగలతో పచ్చగా బ్రతికింది. 2021 మే నెలలో దానికి రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించింది. పది పదిహేను రోజులు గడచినవో లేదో, జూన్ 4న, అక్కడ చెత్త ఏరుతున్న పనివాడొకడి కాలిక్రింద మందుపాతర ప్రేలింది. అతడు పాదం పోగొట్టుకొన్నాడు. ఎప్పుడో ఎవరో పాతి మరచినది, వరదకు కొట్టుకొని వచ్చినదో మరెట్లు వచ్చినదో గాని, కంచె తీసివేసినంతలో కంచెకాలం పోలేదని అంత దారుణంగా తెలిపింది. నాలుగు శతాబ్దాల క్రింద ముగిసిన యుద్ధానికి కొండమీద స్తంభాలున్నవి. ముగియని యుద్ధానికి నీటి ఒడ్డున ఉన్నవి ఇవి. అతడి పేర ఫలకం ఎవరూ వేయరు. ప్రమాదం అంటారు.

పోయేవారికి వసంతకాలం మంచిది. అప్పుడు గుట్టమీద చెర్రీలు పూస్తవి, ఒడ్డున ఉంగో చేప ఏటికి ఎదురెక్కుతుంది. రాజుల వంటశాలకు పోయిన నాటంత సమృద్ధిగా దొరకకపోయినా ఆ ఊరి పూటకూటి ఇండ్లలో పచ్చడి ముద్దతో కలిపి పెడతారు. ఉదయమే నీటి ఒడ్డుకు పోయి పోటు ఎక్కే వేళను చూచి, ఎండ ముదరకముందు కొండ ఎక్కి, మంటపంలోని అరిగిన శిలను ముందు, స్తంభాన్ని తరువాత చూచి దిగివస్తే మధ్యాహ్నపు భోజనం వేళ అవుతుంది. వడ్డించే ఇల్లాలు చేతులు తుడుచుకొనే గుడ్డను చూపి దాని పేరేమిటని అడిగితే హేంగ్జు చిమా అంటుంది. ఎందుకు ఆ పేరు వచ్చినదంటే, గుట్టవైపు చేయి చూపుతుంది.